గరిమెళ్ళ పాట చదివితే అందదండి, చప్పట్లు కొట్టి పాడి చూడండి

మీరడిగింది ఇదీ. బాబు తొమ్మిదో తరగతి. ఆగస్టు 15కి బడిలో "మాకొద్దీ తెల్ల దొరతనము" పాడమన్నారు. మీరు ఫోన్లో మూడు నాలుగు రకాలుగా విన్నారు, అన్నీ సాగదీసినట్టే ఉన్నాయి, అన్న మాటే తిప్పి తిప్పి అంటున్నట్టుంది, పుస్తకంలో చదివితే కవిత్వం కూడా పెద్దగా కనపడలేదు. మరి గరిమెళ్ళ సత్యనారాయణ గారిని అంత గొప్పగా ఎందుకు చెబుతారు, ఈయన పాటని ఎలా వినాలి అన్నారు. కింద ఒకాయన "దేశభక్తి ఉంటే చాలు, ఆటోమేటిగ్గా అర్థమవుతుంది" అని రాశారు గానీ అది సమాధానం కాదు. దేశభక్తి నిండా ఉన్న పాటలు ఎన్నో వచ్చాయి, ఎన్నో పోయాయి. ఇది వందేళ్ళు ఎందుకు నిలబడిందన్నది సంగీతం సంగతి. నాకు తెలిసిన పని కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, తీరిగ్గా చదువుకోండి.

నేను కోనసీమలో ముప్ఫై అయిదేళ్ళ పైగా హార్మణీ వాయించాను. పద్యనాటకాలు, భజనలు, తీర్థాల్లో హరికథలు, ఎవరు పిలిస్తే వాళ్ళకి. ఈ పాట మా తాతయ్య నోట విని పెరిగాను. అయినా నేను కూడా దీన్ని చాలా ఏళ్ళు తప్పుగానే వాయించాను. ముందు ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు విన్న వీడియోల్లో కూడా అదే పొరపాటు జరిగి ఉంటుందని నా అనుమానం.

నాకప్పుడు ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళు ఉంటాయి. మా పక్క ఊళ్ళో దేశభక్తి గీతాల పోటీ పెట్టారు. నేనూ మా మిత్రుడూ కలిసి ఈ పాట తీసుకున్నాం. నాటకాల్లో పద్యం వాయించిన చెయ్యి కదా, ముందు కాస్త రాగం తీశాను, "దేవా" దగ్గర ఆపి రెండు సంగతులు (ఒకే ముక్కని స్వరాలు మార్చి మార్చి వాయించడం) వేశాను, తబలా ఆయన చక్కగా ఆదితాళంలో, నాలుగేసి లెక్కల నడకలో, పట్టుకున్నాడు, మా వాడు కళ్ళు మూసుకుని భావం పెట్టి పాడాడు. చప్పట్లు కొట్టారు, ప్రైజు కూడా ఇచ్చారు. దిగి వస్తుంటే ముందు వరసలో చాప మీద కూర్చున్న ఓ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "బాగానే వాయించావు గానీ నాయనా, పాట పడుకుండిపోయింది. మా నాన్న పాడితే మేం కూర్చోలేకపోయేవాళ్ళం" అంది. అక్కడే, ఆ గోలలోనే, చేత్తో మోకాలి మీద దెబ్బ వేసుకుంటూ రెండు లైన్లు పాడింది. గొంతు వణుకుతోంది, రెండు పళ్ళు కూడా లేవు. కానీ ఆ దెబ్బ మాత్రం ఎక్కడా తప్పలేదు. ఆ రాత్రి సైకిలు మీద ఏటిగట్టు వెంట ఇంటికి వస్తూ ఆ దెబ్బే లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఎంత లెక్కపెట్టినా నాలుగు రావట్లేదు. అయిదు వస్తోంది.

మీరూ చేసి చూడండి, సంగీతం రాకపోయినా పరవాలేదు. పొట్టి అక్షరానికి ఒక లెక్క. దీర్ఘానికి, సున్నా ఉన్నదానికి, వెనక ఒత్తక్షరం వచ్చినదానికి రెండు లెక్కలు. ఇప్పుడు ఈ లైను తీసుకోండి:

పండ్రెండు దేశాలు పండుచున్నా గాని పట్టెడన్నము లోపమండి

పండ్రెండు, అయిదు. దేశాలు, అయిదు. పండుచున్, అయిదు. నాగాని, అయిదు. పట్టెడన్, అయిదు. నములోప, అయిదు. చివర "మండి" మూడు, అక్కడ కాస్త సాగి ఊపిరి తీసుకోవడానికి ఖాళీ. ఎక్కడా ఒక్క లెక్క ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. దీన్నే ఖండగతి అంటారు, తక తకిట, తక తకిట అని నడుస్తుంది. పల్లవి కూడా అంతే. "మాకొద్ది" అని నోట్లో కాస్త పొట్టి చేసి అంటే అయిదు, తెల్లదొర అయిదు, తనముదే అయిదు, "వ" దగ్గర సాగదీత. ఆ వెంటనే వచ్చే "మా ప్రాణాలపై పొంచి మానాలు హరియించె" చూడండి. మొదటి "మా" ఎత్తుగడ, దాన్ని బయట పెట్టండి. ప్రాణాల, పైపొంచి, మానాలు, హరియించె, నాలుగు అయిదులు.

దాన్ని తీసుకెళ్ళి నేను ఎనిమిది దెబ్బల ఆదితాళంలో కుక్కాను. పడుకోక ఏం చేస్తుంది?

ఇక్కడితో అయిపోతే ఛందస్సు బాగా తెలిసినవాడు రాశాడు అనుకుని ఊరుకోవచ్చు. అసలు పని తర్వాతి రెండు ముక్కల్లో ఉంది.

ఉప్పు ముట్టుకుంటే దోషమండి
నోట మట్టి కొట్టి పోతాడండి

ఇది అయిదుల్లో పోదు. ఉప్పు, ముట్టు, కుంటె, దోష, మండి. అన్నీ మూళ్ళు. నోట, మట్టి, కొట్టి, పోత, డండి. మళ్ళీ మూళ్ళే (పాడేటప్పుడు "కుంటే", "పోతా" నోట్లో పొట్టివవుతాయి, మావాళ్ళందరూ అలాగే అంటారు). అప్పటిదాకా తక తకిట అని ఊగుతూ వచ్చిన పాట ఒక్కసారి తకిట తకిట తకిట అని పరుగెత్తుతుంది. సరిగ్గా ఎక్కడ పరుగెత్తుతోందో గమనించండి. దేశం పండుతోంది, అన్నం లేదు అన్నది నిదానంగా చెప్పే సంగతి, అయిదుల్లో చెప్పాడు. ఉప్పు ముట్టుకోనివ్వడు, నోట మట్టి కొడతాడు అన్నది కడుపు మండి అనే మాట, అది మూళ్ళలో వచ్చింది. ఆ తర్వాత "అయ్యో" అని ఒక ఊపిరి, "కుక్కలతో పోరాడి కూడు తింటామండి" అని మళ్ళీ అయిదుల్లోకి దిగి పల్లవిలో కలుస్తుంది. కుక్కలతొ, పోరాడి, కూడుతిం, టామండి. కోపం వచ్చినవాడు గబగబా నాలుగు మాటలనేసి, చివరికి గొంతు దిగిపోయి తన గతి చెప్పుకుంటాడు చూడండి, అచ్చం అలాగే. బాగా చెయ్యి తిరిగినవాడు తప్ప ఇలా కట్టలేడు. అన్న మాటే తిప్పి అంటున్నాడని మీరన్నది అందుకే నేను ఒప్పుకోను. మాట తిరుగుతున్నా నడక మారుతోంది. కాగితం మీద ఆ నడక కనపడదు, మీరు విన్నవాళ్ళు దాన్ని చదును చేసేసి ఉంటారు.

ఇప్పుడు "అండి" సంగతి. దోషమండి, పోతాడండి, తింటామండి. ఆయన మా జిల్లా మనిషి కాదు. 1893లో నరసన్నపేట తాలూకా గోనెపాడులో పుట్టారు, శ్రీకాకుళం వైపు. చదువు కోసం, ఆ తర్వాత ఉద్యమం కోసం రాజమండ్రి, కాకినాడ ప్రాంతాల్లో తిరిగారు. అయినా ఈ "అండి" వింటే మా గోదావరి వాళ్ళకి ఇంట్లో మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. ఇక్కడ ఎవరితోనైనా అండి పెట్టకుండా మాట పూర్తికాదు, దెబ్బలాటలో కూడా "ఏమండీ, మీరేంటండీ" అనే మొదలవుతుంది. పాటలో ఈ అండి తెల్లదొరకి పెట్టింది కాదు. దొరని వాడు, వీడు అంటున్నాడు. అండి పెట్టింది ఎదురుగా నిలబడి వింటున్న మనకి. అరుగు మీద కూర్చున్న పెద్దాయనతో పాలికాపు తన గోడు చెప్పుకున్నట్టు, చూడండి వాడు ఇలా చేస్తున్నాడండి, ఇదేమన్నా న్యాయమాండి అని. వినేవాణ్ణి తీర్పరిని చేసి కూర్చోబెట్టాడు. అన్ని చరణాలు ఆ కంప్లయింట్లు విన్నాక పల్లవి వచ్చేసరికి వినేవాడి నోటి నుంచే "మాకొద్దీ" అని వచ్చేస్తుంది. పాట కట్టిందే ఆ ఒక్క క్షణం కోసం.

దీనికి పక్కన పెట్టి చూడటానికి మన రాజమండ్రిదే ఇంకొకటి ఉంది. 1907లో బెంగాలు నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగు చేశారు, అప్పుడే "భరతఖండంబు చక్కని పాడియావు" అన్న పద్యం చెప్పారు. అద్భుతమైన పద్యం, నేను సభల్లో ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు. కానీ పద్యం ఒక్కడు చెబితే వందమంది వినేది. విని వహ్వా అంటారు, ఇంటికి పోతారు. గరిమెళ్ళ వారిది ఒక్కడు ఎత్తుకుంటే వందమంది అందుకునేది. ఏది గొప్పది అని నేను పంచాయితీ పెట్టను గానీ, పద్యాన్ని కొలిచిన చెంబుతో పాటని కొలవకూడదు. మీకు కవిత్వం కనపడకపోవడానికి కారణం అదే అనుకుంటాను. ఒక్కో లైను విడిగా తీసి ఇందులో అలంకారం ఎక్కడుంది అని చూస్తే దొరకదు. "పండ్రెండు దేశాలు పండుచున్నా గాని" అనడంలో ఏముంది, చేలో మనిషి అనే మాటే. ఆ మాట సరిగ్గా అయిదుల్లో పడి, వెంటనే పట్టెడన్నం దగ్గర ఆగడంలో ఉంది.

మరి మనవాళ్ళకి ఈ అయిదుల నడక ఎలా పట్టుబడింది? కొత్తది కాదు కదా. జంగం కథలు, ఆడవాళ్ళ పాటలు చాలావరకు ద్విపదలో ఉంటాయి. ద్విపద అంటే లైనుకి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం (గణమంటే కొన్ని అక్షరాల గుంపు). పాడుతుంటే ఎక్కువచోట్ల అయిదు, అయిదు, అయిదు, మూడు అని పడుతుంది. దంచేటప్పుడు, ఊయల ఊపేటప్పుడు విన్న నడక అది. అక్షరం రాని మనిషికి కూడా చెవిలో ఉంది. గరిమెళ్ళ వారు బీఏ చదివిన మనిషి, కలెక్టరు ఆఫీసులో గుమస్తాగా చేసి, విజయనగరంలో మాస్టారుగా పనిచేసి, టీచరు ట్రైనింగ్ కోసం రాజమండ్రి వచ్చి, 1920లో గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపు విని ఆ చదువు వదిలేశారు. అంత చదివినాయన వృత్తాలు, సీసాలు లాంటి పద్యాలు రాయగలిగి కూడా ఈ నడక ఎంచుకున్నారు. 1921లో "స్వరాజ్య గీతములు" అని అచ్చు వేయించారు. ఉప్పు మాట చూశారుగా, దండి యాత్ర జరిగింది 1930లో. సముద్రం పక్కనే ఉండి ఉప్పు ముట్టుకోకూడదన్న కడుపుమంట దానికి తొమ్మిదేళ్ళ ముందే మన పాటలో ఉంది.

ఆయన పాడిన తీరు గురించి పెద్దవాళ్ళు చెప్పుకునేది ఒకటుంది. పాట ఊరూరా పాకుతోందని తెలిసి బ్రేకన్ అనే కలెక్టరు ఆయన్ని పిలిపించి, పాట మొత్తం పాడించుకుని విన్నాడట. నాకు తెలుగు రాదు గానీ ఈ పాటకి జనాన్ని లేపే శక్తి ఉందని తెలుస్తోంది అన్నాడట, ఏడాది జైలు వేశాడట. భాష రానివాడికి ఏం వినపడి ఉంటుందో ఆలోచించండి. మాటలు కాదు కదా. ఆ అయిదులు, ఆ మూళ్ళు, మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ పల్లవి.

జైలు నుంచి వచ్చి ఊరుకోలేదు. భుజాన జోలె, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని పాడుతూ ఊళ్ళు తిరిగారు. కాకినాడ తాలూకాలో తిరుగుతుండగా మళ్ళీ పట్టుకున్నారు, ఈసారి రెండున్నరేళ్ళు కఠిన శిక్ష. ఆ జైల్లో ఉండగానే 1923లో తండ్రి పోయారు. క్షమాపణ రాసిస్తే వదులుతామన్నారు. రాయలేదు.

ఆ గజ్జెల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అది కూడా సంగీతమే. మన వైపు ధనుర్మాసంలో తెల్లారగట్ల హరిదాసు వస్తాడు కదా, నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్ళకి గజ్జెలు. మనిషి కనపడకముందే గజ్జెల చప్పుడు వీధి మలుపులో వినపడుతుంది, పిల్లలు దోసిట్లో బియ్యం పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. అలా జోలెతో, గజ్జెలతో వచ్చిన మనిషికి తలుపు తీయడం మన ఊళ్ళకి ఎప్పటి నుంచో అలవాటు. గరిమెళ్ళ వారు ఉపన్యాసం ఇచ్చే నాయకుడిలా కాకుండా ఆ వేషంలో వీధిలోకి వచ్చారు. ఇంకో సంగతి, ఇది నేను నడిచి చూసి చెబుతున్నాను. ఖండగతికి అడుగు వేస్తే ఒక అడుగు రెండు లెక్కలకి, ఇంకో అడుగు మూడు లెక్కలకి పడుతుంది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. గజ్జె చప్పుడు ఘల్లు, ఘల్లుమని అని వస్తుంది, మనిషి నడక కొద్దిగా తూగుతుంది. కవాతులా సమంగా రాదు. మూళ్ళ దగ్గరికొచ్చేసరికి అడుగు సమమైపోతుంది, వేగం అందుకుంటుంది. మీ బాబుని గదిలో అటూ ఇటూ నడుస్తూ పాడమనండి, పది నిమిషాల్లో వాడికే పట్టుబడుతుంది. నేను చెప్పిన ఈ లెక్కలన్నీ అప్పుడు మర్చిపోయినా పరవాలేదు.

ఇందులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. చరణాలు చాలా ఎక్కువ, అన్నీ ఒక్క ఎత్తున లేవు. కల్లూ సారా అమ్మి ఆడవాళ్ళ మెళ్ళో పుస్తెలు తెంచుతున్నాడన్న చరణం, గాంధీ టోపీ పెట్టుకుంటే బడికి రావద్దంటున్నాడన్న చరణం ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తాయి. కొన్ని చరణాలు మాత్రం ఆ వారం కబుర్ల కోసం రాసినట్టుంటాయి, ఇప్పుడు పాడితే వివరం చెప్పుకోవాలి. "హరియించె" లాంటి పుస్తకం మాట పక్కనే "నోట మట్టి కొట్టి" లాంటి వీధి మాట. పండితులు దాన్ని తప్పు పడతారు. నాకైతే అది బీఏ చదివి జోలె పట్టిన మనిషి గొంతులాగే వినపడుతుంది, తీసేయబుద్ధి కాదు. ఒక్కో ఊళ్ళో ఒక్కో మాట మారి ఉంటుంది కూడా. పట్టెడన్నము అంటారు, పట్టెడన్నమె అంటారు. ఏది రైటు అని కొట్టుకోకండి, రెండూ అయిదుల్లో పడతాయి, అందుకే రెండూ బతికాయి.

మాటలు మారినా నడక బతుకుతుందనడానికి నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్పి తీరాలి. 1986 ఆగస్టు వరద. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు, ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎలా వచ్చిందో, గట్లు ఎలా తెగాయో. మా ఊరి జనం ఏటిగట్టు మీదే ఉన్నాం, కొబ్బరాకులు, పరదాలు కప్పుకుని, గొడ్లు ఒకవైపు, పిల్లలు ఒకవైపు. రెండో రాత్రి వాన కాస్త తగ్గింది. ఎవరో భజన ఎత్తుకున్నారు, నా హార్మణీ పెట్టె ఇంట్లోనే నీళ్ళలో ఉంది, తాళాలు కూడా లేవు, ఇత్తడి గిన్నె మీద గరిటెతో కొడుతున్నారు. భజనలు అయిపోయాయి. అప్పుడు గోదావరి లంకలో కూరగాయలు పండించుకునే ఒక పెద్దాయన, పంటంతా పోయింది పాపం, చీకట్లో నుంచి ఎత్తుకున్నాడు:

మాకొద్దీ ఏటి వరదలును దేవా
మాకొద్దీ ఏటి వరదలును

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఎవరికీ. కానీ అందరూ అందుకున్నారు. ఆయన అప్పటికప్పుడు చరణాలు కట్టాడు, అరటి గెలల గురించి, కొట్టుకుపోయిన పాక గురించి, దూడ గురించి. ఒక్క చోటా లెక్క తప్పలేదు. ఆయనకి ఖండగతి అన్న మాట తెలియదు, గరిమెళ్ళ పేరు తెలుసో లేదో కూడా నేను అడగలేదు. నాకు ఆ రాత్రి ఒకటి అర్థమైంది. ఆ ముసలావిడ చెప్పిందీ అదే, నేనే పోటీలో అర్థం చేసుకోలేదు. ఈ పాట పాడేవాడి గొంతు చూపించుకోవడానికి కట్టింది కాదు. వినేవాళ్ళకి గొంతు ఇవ్వడానికి కట్టింది. అందుకే సోలోగా, సంగతులు వేసి, మైకు ముందు కళ్ళు మూసుకుని పాడితే ఎంత గొప్ప గాయకుడు పాడినా చప్పగా ఉంటుంది.

మరి అంతటి పాట కట్టినాయన్ని ఒక్క పల్లవితో పాఠం పుస్తకంలో ఎందుకు వదిలేశాం అని కూడా అడిగారు కదా. "దండాలు దండాలు భారతమాత" లాంటి ఇంకో పాట ఆ రోజుల్లో జనంలో బాగా తిరిగింది, ఇప్పుడు పది మందిని అడిగితే ఒకరికి తెలిస్తే గొప్ప. స్వరాజ్యం వచ్చాక తెల్లదొర మీద పాట ఎవరికి కావాలి అనుకున్నారేమో. ఆయన మద్రాసు చేరి గృహలక్ష్మి లాంటి పత్రికల్లో పనిచేశారు, ఒక కన్ను పోయింది, పక్షవాతం వచ్చింది, పేదరికంలోనే 1952 డిసెంబరు 18న పోయారు. ఆ తేదీ చూడండి. అదే మద్రాసులో డిసెంబరు 15 రాత్రి పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో ప్రాణం వదిలారు. ఆంధ్రదేశం అంతా అల్లర్లతో అట్టుడికిపోతోంది. 19న నెహ్రూ గారు ఆంధ్రరాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఆ మధ్యలో, 18న, ఈయన వెళ్ళిపోయారు. ఆ హోరులో ఒక పాటగాడి చావు ఎవరి చెవిన పడుతుంది చెప్పండి. అదే ఏడాది సెప్టెంబరులో మన భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు గారు కూడా పోయారు. ఆయన్ని కథలతో, బొమ్మలతో తలుచుకునేవాళ్ళు ఉన్నారు. గరిమెళ్ళ వారికి ఉన్నది పాట ఒక్కటే, పాట పాడకపోతే తలుచుకున్నట్టు కాదు.

ఇక మీ బాబు సంగతికి వస్తాను, టైమెక్కువ లేదు.

కరోకే ట్రాకు వద్దు. ఆ ట్రాకులు ఏ నడకలో కట్టారో ఎవరికి తెలుసు, ఒకసారి దానికి అలవాటుపడితే పిల్లాడు దాని వెనకే పోతాడు. వాడితో పాటు ఇంకో అయిదారుగురు పిల్లల్ని కలపమని మాస్టారిని అడగండి. ఒక్కడు చరణం, మిగతావాళ్ళు పల్లవి. పల్లవి ప్రతిసారీ రెండుసార్లు, రెండోసారి కింద కూర్చున్న పిల్లల వైపు చెయ్యి చూపిస్తే వాళ్ళే అందుకుంటారు, ముందు నేర్పక్కర్లేదు. వాద్యం కావాలంటే చిడతలు చాలు, లేదా ఒక డప్పు. హార్మణీ పెడితే శృతి పట్టుకోవడానికి మాత్రమే, సంగతులు వెయ్యొద్దని వాయించేవాళ్ళకి గట్టిగా చెప్పండి. ఆ వయసు పిల్లలకి అయిదు శృతి (హార్మణీ మీద అయిదో తెల్లమెట్టు) హాయిగా ఉంటుంది, గొంతు మారుతున్న మగపిల్లాడైతే ఇంకా తగ్గించి ఎక్కడ సుఖంగా పలికితే అక్కడ పెట్టండి, పైకి అరవనివ్వద్దు. చరణాలు మూడు చాలు. అన్నం, ఉప్పు చరణం మొదట. గాంధీ టోపీ చరణం రెండోది, బడిపిల్లలది కాబట్టి వాళ్ళకి తగులుతుంది. మూడోది వాడికి నచ్చింది వాణ్ణే ఎంచుకోనివ్వండి.

"ఉప్పు ముట్టుకుంటే" దగ్గర వేగం పెంచమని చెప్పకండి. పెంచితే కంగారైపోతుంది. లెక్క మారిందని గుర్తుంటే చాలు, వేగం దానంతటదే వస్తుంది. "అయ్యో" దగ్గర మాత్రం అందరూ, చిడతలతో సహా, ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడం ప్రాక్టీసులో పదిసార్లు చేయించండి, పిల్లలు అక్కడే తొందరపడతారు. ఎక్కడైనా ఇరుక్కుంటే చరణం రికార్డు చేసి ఇక్కడే పెట్టండి, విని చెబుతాను.